నూటికి ఆరు వడ్డీ చేనేత కార్డు: దరఖాస్తుకు ముందు, తరువాత

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల చేనేత సోదరులు, సోదరీమణులు ఈ మధ్య మమ్ము అడుగుచున్న ప్రశ్నలలో సగానికి పైగా ఒక్క విషయమును గురించినవే. "బ్యాంకులో నూటికి ఆరు వడ్డీకి కార్డు ఇస్తున్నారట, నిజమేనా? మాకిస్తారా? ఎవరిని పట్టుకోవాలి?" అని. నిజమే. మగ్గము మీద బ్రతుకు వారికొరకే అది ఏర్పడినది. ఎవరినీ పట్టుకొననక్కరలేదు. అయితే ఆ ఆరు వడ్డీ నిలుచుట, నిలువకపోవుట, కార్డు చేతికి వచ్చిన తరువాత మనము ఖాతాను నడపు తీరును బట్టి ఉండును. దరఖాస్తు సంగతి అడిగినవారే గాని ఈ రెండవ సంగతి అడిగినవారు అరుదు. కావున రెండును కలిపి వ్రాయుచున్నాము.

మొదట పేరు సంగతి. 2011-12లో కేంద్ర ప్రభుత్వము చేనేతకు పునరుద్ధరణ పథకమును ప్రకటించి, పాత మొండిబాకీలలో కొంత మాఫీ చేసి, కొత్త అప్పు పుట్టు మార్గముగా వీవర్ క్రెడిట్ కార్డును తెచ్చినది. 2015 ఏప్రిల్ 8న ముద్రా యోజన మొదలైన తరువాత చేనేత అప్పు కూడ ఆ గొడుగు క్రిందికి వచ్చి వీవర్ ముద్రా అయినది. మన ఊళ్ళలో నేటికీ చేనేత కార్డు అనియే అందురు. ఇది అంగడిలో గీకి సామాను కొని, నెల తిరిగిన పిమ్మట బిల్లు కట్టు కార్డు కాదు. బ్యాంకు మనకొక పరిమితి మంజూరు చేయును. ఆ పరిమితి లోపల నూలుకు కావలసినప్పుడు తీసి, గుడ్డ అమ్మినప్పుడు కట్టి, మరల తీసికొనవచ్చును. రూపే కార్డు ఆ ఖాతాకు తాళపుచెవి వంటిది.

నేతగాడు కట్టు వడ్డీ నూటికి ఆరు. బ్యాంకు మామూలు రేటుకును ఈ ఆరుకును గల తేడాను, ఏడు శాతము వరకు, కేంద్రము భరించును. ఈ రాయితీ మూడేండ్లకే. అప్పులో నూటికి ఇరవై వంతున మార్జిన్ సొమ్ము కూడ కేంద్రమే ఇచ్చును, ఒక్కొక్కరికి రు. 25,000 మించకుండ. లక్ష రూపాయల అప్పుకు రు. 20,000 వచ్చును, లక్షన్నరకు మాత్రము ముప్పదివేలు రాదు, ఇరువదియైదువేలే. ఈ అంకెలు 2021-22 నుండి 2025-26 వరకు మంజూరైన జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమములోనివి. ఇట్టి పథకములు గడువుతో వచ్చును గనుక దరఖాస్తు ఇచ్చు నాటికి ఏ షరతులు అమలులో నున్నవో శాఖలో అడిగి తెలిసికొనవలెను.

ఒక లెక్క చూతము. ఒక ఇంటివారు రు. 18,000 తీసి నూలు, రంగులు కొని, 45 దినములకు చీరలు అమ్మి ఆ మొత్తమును తిరిగి కట్టినారనుకొందము. ఆరు శాతము చొప్పున వడ్డీ రు. 133. అదే సొమ్ము నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రు. 810. తేడా రు. 677, అదియు ఒక్క తడవ పెట్టుబడికి. ఇక అంగడి క్రెడిట్ కార్డు మీద నగదు తీసి నూలు కొనువారు కొందరున్నారు. చాల కార్డులలో వడ్డీ నెలకు మూడు శాతమునకు పైమాటే. నగదు తీసిన దినము నుండియే లెక్క మొదలగును. తీసినందుకు రుసుము, ఆ వడ్డీ మీద 18 శాతము జి.ఎస్.టి. వేరు. బిల్లులో "కనీస మొత్తము" అని ఒక చిన్న అంకె కనబడును. అది కట్టినచో ఆలస్య రుసుము తప్పును గాని, మిగిలిన బాకీ మీద వడ్డీ నడచుచునే ఉండును.

మన ప్రాంతములో అప్పుల తీరు ఇంతకంటె గడ్డుది. తమిళనాడులో అధిక వడ్డీ నిషేధమునకు 2003లో చేసిన చట్టము దినవడ్డీ, గంటవడ్డీ, కందువడ్డీ, మీటరు వడ్డీ, తండల్ అని పేరు పేరున చెప్పినది. చట్టమే ఇన్ని పేర్లు ఎత్తవలసి వచ్చినదంటే అవి ఎంతగా పాతుకొన్నవో వేరే చెప్పనక్కరలేదు. 2017 అక్టోబరులో మన పొరుగు జిల్లా తిరునెల్వేలిలో కందువడ్డీ బాధ పడలేక ఒక కూలివాని కుటుంబము, ఇద్దరు పసిబిడ్డలతో సహా, కలెక్టరు కార్యాలయము ఎదుటనే నిప్పంటించుకొని ప్రాణములు వదలినది. అప్పుడు పదునాలుగేండ్లుగా చట్టము ఉన్నది. బ్యాంకు దరఖాస్తు ఒక నెల ఆలస్యమైనప్పుడు, ఆ నెలలో మగ్గము ఆగకుండుటకు మనవారు ఎవరి గడప తొక్కుదురో మాకు తెలియును.

ఎవరికి వర్తించును? చేతిమగ్గము నేయువారికి, ఆసు పోయుట, అద్దకము వంటి అనుబంధ పనులు చేయువారికి. 2019-20 నాటి నాలుగవ చేనేత గణనలో లెక్కకు వచ్చి గుర్తింపు కార్డు పొందినవారికి పని సులువు. మరమగ్గమునకు ఈ రాయితీ లేదు. ఛత్రపట్టి వైపు బ్యాండేజి గుడ్డ మరమగ్గములవారు సాధారణ ముద్రా అప్పు అడుగవచ్చును, కాని ఆరు వడ్డీ అడుగరాదు. అరుప్పుకోట్టైలో ఒకే వీధిలో రెండు విధముల మగ్గములును కలవు. అన్నది చేతిమగ్గము, తమ్మునిది మరమగ్గము అయిన ఇండ్లలో దరఖాస్తు ఎవరి పేర నున్నదో, తనిఖీకి వచ్చినవారికి ఏ మగ్గము చూపుచున్నామో జాగ్రత్తగా చూచుకొనవలెను.

షావుకారు నూలిచ్చి కూలికి నేయించు ఇండ్ల సంగతి వేరు. నూలు కొననివారికి పెట్టుబడి అప్పుతో పని తక్కువ. సొంత నూలుతో ఒక మగ్గమైన నడుపుదమని తలచువారికి ఇది మంచి ఊత. ఆ తలంపు లేనివారు తొందరపడనక్కరలేదని మా అభిప్రాయము. ఒక్కటి మాత్రము గట్టిగా చెప్పుచున్నాము. "నీ పేర దరఖాస్తు పెట్టు, కార్డూ పాసుబుక్కూ నా దగ్గర ఉంచు, వడ్డీ నేను కట్టుకుంటాను" అని ఎవరు చెప్పినను ఒప్పుకొనరాదు. వారు కట్టకున్న బాకీదారు మీరే. కార్డు రహస్య సంఖ్య కన్నకొడుకు అడిగినను ఒకసారి ఆలోచించి చెప్పవలెను.

దరఖాస్తుతో పాటు ఆధార్, నేతగాని గుర్తింపు కార్డు, పాసుబుక్కు నకలు, ఫొటోలు కావలెను. కాగితములు చిన్నవే, చిక్కంతయు పేరులో నున్నది. ఈ దేశములో ఇంటిపేరు వ్రాయు అలవాటు లేదు, తండ్రిపేరు మొదటి అక్షరమే ముందుండును. ఆధార్‌లో ఆ అక్షరము వెనుక నుండును, పాసుబుక్కులో ముందుండును, గుర్తింపు కార్డులో అసలే ఉండదు. నాయుడు, రెడ్డియార్, చెట్టియార్ అను మాటలు ఒక కాగితములో చేరి మరియొకదానిలో రాలిపోవును. స్త్రీల విషయములో మరింత చిక్కు: పెండ్లికి ముందు తండ్రి అక్షరము, తరువాత భర్త అక్షరము. ఆసు పోయునది, కండెలు చుట్టునది, చాల ఇండ్లలో నేయునది కూడ ఆడవారే అయినను, ఈ ఒక్క అక్షరము వలన వారి దరఖాస్తులు తిరిగి వచ్చుచున్నవి. మన తెలుగు పేరును తమిళములో విని ఇంగ్లీషులో ఎక్కించునప్పుడు పుట్టు తప్పులు వీటికి తోడు. కావున మొదట అన్ని కాగితములను ఒకచోట పరచి, పేరు అక్షరమక్షరము సరిచూచి, తేడా ఉన్నచో ఆధార్ ప్రకారము మిగిలినవి దిద్దించుకొని, అప్పుడే బ్యాంకుకు వెళ్ళవలెను.

మరియొక మాట. విరుదునగరం ప్రధాన కార్యాలయముగా నడచిన పాండ్యన్ గ్రామ బ్యాంకు 2019 ఏప్రిల్ 1న పల్లవన్ గ్రామ బ్యాంకుతో కలిసి తమిళనాడు గ్రామ బ్యాంకు అయినది. పాత పేరు గల పుస్తకమును పెట్టెలో దాచుకొన్నవారు కొత్తది తీసికొని, దానిలోని ఐ.ఎఫ్.ఎస్.సి. సంఖ్యనే దరఖాస్తులో వ్రాయవలెను.

దరఖాస్తు ఇచ్చిన తరువాత తేదీ, ముద్ర గల రసీదు అడిగి తీసికొనవలెను. ఈ మాట మేము మా తప్పునుండి నేర్చినాము. ఒక ఏడు మా సభ్యుల దరఖాస్తులను కట్టగా కట్టి ఒక శాఖలో ఇచ్చి, మాటమీద నమ్మి వచ్చితిమి. మూడు నెలల తరువాత అడుగగా కట్ట కనబడలేదనిరి. ఇచ్చినామనుటకు మా వద్ద చీటీ ముక్క లేదు. అంతలో దీపావళి నూలు కొను అదను దాటిపోయినది. ఆ సభ్యులలో కొందరు తండల్ సొమ్ము తెచ్చి పడుగు వేసినారు. ఆ ఇండ్లకు వెళ్ళి మొగము చూపుటకు మాకు చాల దినములు పట్టినది. ఇప్పుడు కంప్యూటరు ద్వారా జన సమర్థ్ పోర్టల్‌లో కూడ వీవర్ ముద్రా దరఖాస్తు పెట్టవచ్చును. దరఖాస్తు సంఖ్య వెంటనే వచ్చును గనుక కట్ట పోవు బాధ లేదు. ముద్రా అప్పులకు దళారులను ఎవరినీ నియమింపలేదు. ఇప్పింతుమని రుసుము అడుగువారికి కాణీ ఇయ్యరాదు.

ఇక ఖాతా నడుపుట. కార్డు వచ్చిన దినముననే పరిమితి అంతయు తీయువారు చాలమంది. వడ్డీ తీసిన సొమ్ము మీదనే గాని మంజూరైన సొమ్ము మీద లేదు. అవసరమైనంతే తీసినచో వడ్డీ అంతే పడును. ఒక సోదరి మాతో, "పిల్ల పెండ్లికి తీశామండీ, ఇంకెక్కడ పుట్టుతుంది?" అనినది. ఆమెను తప్పు పట్టు నోరు మాకు లేదు. కాని నూలుకు పెట్టిన రూపాయి గుడ్డయై, అమ్ముడై తిరిగి వచ్చును. పెండ్లికి పెట్టినది రాదు. అది రానప్పుడు ఖాతాలో జమ పడదు. వరుసగా 90 దినములు జమ లేకున్నను, పడిన జమ ఆ కాలపు వడ్డీకి చాలకున్నను, ఖాతా మొండి ఖాతాలలో చేరును. చేరిన పిమ్మట వడ్డీ రాయితీ ఆగిపోవును. సిబిల్ వంటి సంస్థల లెక్కలలోకి ఎక్కి రేపు వేరొక బ్యాంకులో కూడ అడ్డు వచ్చును. కావున అమ్మకము లేని నెలలలో సయితము వడ్డీ మేరకైన జమ కట్టవలెను. రు. 40,000 బాకీకి నెల వడ్డీ రు. 200. మూడేండ్లు నిండునప్పుడు మామూలు రేటు వచ్చును గనుక, ఆ నాటికి బాకీని తగ్గించుకొనుట మేలు.

"గవర్నమెంటు గ్యారంటీ ఉన్నదిగా, కట్టకపోతే వాళ్ళే కడతారు" అను మాట మేము చాలచోట్ల వింటిమి. ఇది పెద్ద పొరపాటు. ఆ గ్యారంటీ బ్యాంకుకు నష్టము రాకుండ ఇచ్చినది. దానివలన మనకు కలుగు మేలు తాకట్టు, జామీను అడుగకుండుట. బాకీ మాత్రము మన పేరననే నిలుచును.

బ్యాంకువారు కాదనినచో కారణము వ్రాతపూర్వకముగా ఇమ్మని అడుగవలెను. ఆ కాగితముతో జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు వద్దకును, చేనేత జౌళి శాఖ కార్యాలయమునకును వెళ్ళవచ్చును. సోమవారములందు కలెక్టరు కార్యాలయములో జరుగు విన్నపముల దినమున ఇచ్చినను చెల్లును. దరఖాస్తును ఊరక తొక్కిపట్టినచో బ్యాంకుకే మొదట ఫిర్యాదు వ్రాసి, 30 దినములలో జవాబు రానియెడల రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు వ్రాయవలెను. అప్పు ఇమ్మని వారు ఆజ్ఞాపింపరు గాని, జవాబైన వచ్చును.

దీపావళి, పొంగల్ నూలుకు సొమ్ము కావలసినవారు ఆడి మాసములోనే దరఖాస్తు ఇచ్చుట మంచిది. మన మాట తెలుగైనను చదువు తమిళమైన ఇండ్లు మనలో చాల కలవు. తెలుగు చదువ వచ్చినవారు ఈ వ్యాసమును ప్రక్క మగ్గమువారికి చదివి వినిపింప కోరుచున్నాము. దరఖాస్తు నింపుటకు మా కార్యాలయమునకు వచ్చువారు అసలు కాగితములతో పాటు నకళ్ళు రెండేసి తేవలెను. ఒక నకలుపై బ్యాంకు ముద్ర వేయించి మీకే ఇచ్చెదము.