తెరమీది రసాయన పాఠము

ఆకాశవాణి పాఠములకు తెలుగువారి చెవులు అలవాటుపడి చాలకాలమైనది. విజయవాడ కేంద్రము 1948లోను, కడప కేంద్రము 1963లోను వెలసినవి. పాఠశాలల కొఱకు ప్రత్యేక ప్రసారములు ఉండెడివి. తరగతిలో రేడియోపెట్టెను బల్లమీద నుంచగా పిల్లలందఱు దానివైపు తిరిగి కూర్చుండెడివారు. ఆ ఏర్పాటులో ఒక్కటే కొఱత. గురువు మాట శిష్యునికి చేరును గాని, శిష్యుని ప్రశ్న గురువునకు చేరదు. "అర్థమైనదా?" అని మైకు ముందు కూర్చున్న ఉపాధ్యాయుడు అడిగినచో స్టూడియో గోడలే వినవలెను. 1975 ఆగష్టు 1 నుండి 1976 జూలై 31 వఱకు ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా టెలివిజను కార్యక్రమములు పంపిన ప్రయోగమునందును అంతే. బొమ్మ ఊరికి చేరినది. ఊరి ప్రశ్న మాత్రము ఊరిలోనే నిలిచిపోయినది.

ఆ ప్రశ్నకు త్రోవ దొరకిన విధానమును గూర్చియే మేమిప్పుడు ముచ్చటింపబోవుచున్నాము. దానినే అందఱును ఆన్‌లైన్ ట్యూషను అనుచున్నారు. అందులోను పై పరీక్షలకు కూర్చుండు పిల్లల రసాయనశాస్త్రమునకే ఈ ప్రసంగమును పరిమితము చేయుదుము.

గోరంట్ల చిత్రావతీ తీరమున నున్న ఊరు. అచ్చటి మాధవరాయస్వామి ఆలయము విజయనగర కాలపు శిల్పమునకు పేరెన్నిక గన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో గోరంట్ల ఒక మండల కేంద్రము. ఈ మండలములోని పాలసముద్రమున 2024 జనవరి 16న కస్టమ్సు, పరోక్షపన్నులు, మాదకద్రవ్యముల జాతీయ అకాడమీ ప్రారంభమైనది. దేశపు నలుమూలలనుండి అధికారులు ఇచ్చటికి వచ్చి చదువుకొనుచున్నారు. ఇచ్చటి పిల్లలు మాత్రము రసాయనశాస్త్రము గట్టిగా నేర్వవలెనన్నచో హిందూపురమో, అనంతపురమో, అదియు చాలకున్న బెంగుళూరో పోవలెనన్న తలంపు మన యిండ్లలో ఇంకను పోలేదు. మగపిల్లవానిని అప్పుచేసియైనను హాస్టలుకు పంపుదురు. ఆడపిల్ల విషయము వచ్చునప్పటికి "చూతములే" యందురు. ఆ "చూతములే" అను మాటలో ఎన్ని చదువులు ఆగిపోయినవో లెక్కింపగలవారు లేరు. తెరమీది పాఠము అవసరమా కాదా అను ప్రశ్నను మేము ఈ వైపునుండియే చూచుచున్నాము.

పరీక్షల సంగతి రెండు మాటలలో చెప్పుదుము. ఇంజనీరింగు కళాశాలల కొఱకు మన రాష్ట్రము నడపు ఎ.పి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుండగా, నలుబది రసాయనశాస్త్రమునకు చెందినవి. జె.ఇ.ఇ. మెయిన్‌లో 300 మార్కులకు నూఱు దీనివే. వైద్యవిద్యకు పోవు నీట్ పరీక్షలో 720 మార్కులకు 180 దీనివి. గణితమునకు భయపడి కొందఱు, భౌతికశాస్త్రమునకు భయపడి కొందఱు రసాయనమును "కంఠస్థము చేసిన చాలు" నను శాస్త్రముగా ఎంచుచుందురు. మా దృష్టిలో ఈ విద్యకు జరుగుచున్న అపకారములలో ఇదియే పెద్దది.

ఒక ఉదాహరణము. ఒక లీటరు నీటిలో పదికోట్లవ వంతు మోలు హైడ్రోక్లోరికామ్లము కలిసియున్నది. ఆ ద్రావణపు పి.హెచ్. ఎంత? సూత్రము కంఠస్థమైన విద్యార్థి క్షణములో "ఎనిమిది" యనును. మీటనొక్కిన సమాధానము చెప్పు యంత్రము "తప్పు" అని ఎఱ్ఱగీత గీయును. ప్రక్కనే సరియైన సంఖ్యను చూపును. పిల్లవాడు ఆ సంఖ్యను కూడ కంఠస్థము చేయును. ఎదురుగా గురువున్నచో ఏమగును? "ఎనిమిది యనగా క్షారము గదా! ఆమ్లము వేసిన నీరు క్షారమెట్లైనది?" అని అడుగును. విద్యార్థి ఉలికిపడును. ఇరువదియైదు డిగ్రీల వెచ్చదనమున శుద్ధమైన నీటిలోనే లీటరుకు కోటివ వంతు మోలు హైడ్రోజను అయానులున్నవి. మనము వేసిన ఆమ్లమునుండి వచ్చినవి అందులో పదవ వంతు మాత్రమే. ఆ రెంటిని ఊరక కూడినను చాలదు. ఆమ్లము చేరినందున నీటి విఘటనము కొంత తగ్గును. ఆ తగ్గుదలను కూడ గణించినచో పి.హెచ్. సుమారు 6.98 అని తేలును, అనగా ఏడుకు వెంట్రుకవాసి తక్కువ. సంఖ్యకన్న ఆ ఉలికిపాటు ముఖ్యము. దానిని కలిగింపగల పాఠము హిందూపురమునుండి వచ్చినను, హైదరాబాదునుండి తెరమీద వచ్చినను ఒక్కటే.

కావున ఆన్‌లైన్ పాఠములన్నియు ఒక్క గాటను కట్టదగినవి కావు. మూడు తెఱగులుగా ఉన్నవి. ఎప్పుడో చెప్పి దాచిన పాఠము ఒకటి. దానిని ఎన్నిమాఱులైనను త్రిప్పి వినవచ్చును. వందలకొలది విద్యార్థులు ఒకేసారి చూచు ప్రత్యక్ష ప్రసంగము రెండవది; ట్యూషను అని పేరు పెట్టినను అది నిజమునకు సభ. ఒకరిద్దఱు, లేదా నలుగురైదుగురు విద్యార్థులు తెరకు అటునిటు కూర్చుండి, గురువు వ్రాయుచుండగా తామును వ్రాయుచు, తమ లెక్క ఆయనకు చూపుచు సాగించునది మూడవది. పైన చెప్పిన ఉలికిపాటు ఈ మూడవదానియందే సాధ్యము.

దాచిన పాఠమును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కర్బన రసాయనములో ఎలక్ట్రానులు ఎచ్చటినుండి ఎచ్చటికి జరిగినవో బాణములతో చూపు పాఠమును నల్లబల్లమీద ఒక్కమాఱు చూచి గ్రహించుట కష్టము. తెరమీద నాలుగుమాఱులు ఆపి చూడవచ్చును. చిక్కు మఱియొకచోట నున్నది. మన ప్రాంతపు బోరునీరు కఠినమైనది. నీళ్లు కాచు పాత్ర అడుగున తెల్లని పొర కట్టుట అందఱు గృహిణులకు తెలిసినదే. అందులో అధికభాగము కాల్షియం కార్బొనేటు. పది గ్రాముల కాల్షియం కార్బొనేటుపై ఆమ్లము పోసినచో ఎన్ని లీటర్ల బొగ్గుపులుసు వాయువు వచ్చును? ఒక పాఠములో 2.24 లీటర్లు అని యుండును. మఱియొక పాఠములో 2.27 అని యుండును. రెండును సరియైనవే. పూర్వము ప్రమాణ పీడనముగా ఒక అట్మాస్ఫియరును గ్రహించి మోలు వాయువునకు 22.4 లీటర్లనిరి, తరువాత అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య ఒక బారును ప్రమాణముగా నిర్ణయించినందున అది 22.7 అయినది. ఈ సంగతి తెలియని పిల్లవాడు రెండు పాఠములు విని, ఎవరో ఒకరు అబద్ధమాడుచున్నారని తలంచి, తుదకు రెంటిని వదలును. అడుగుటకు మనిషి ఒకడున్నచో అది ఒక్క నిమిషపు పని.

మంచి గురువు ఊరిని కూడ పాఠములోనికి తెచ్చును. హిందూపురము చింతపండు మార్కెటు ప్రసిద్ధమైనది. చింతపండు పులుపునకు ముఖ్యకారణము టార్టారికామ్లము. 1848లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు ఈ ఆమ్లపు లవణమొకదాని స్ఫటికములను భూతద్దము క్రింద పరిశీలించి, కొన్ని కుడిచేతివలెను, కొన్ని ఎడమచేతివలెను ఉన్నవని కనిపెట్టెను. వానిని ఒక్కొక్కటిగా ఏరి వేఱుచేసెను. ఒక కుప్ప ద్రావణము ధ్రువిత కాంతిని కుడికి త్రిప్పగా, రెండవది అంతే ఎడమకు త్రిప్పెను. అణువులోని పరమాణువులు ఒకే విధముగా కలిసియున్నను, అద్దములోని ప్రతిబింబమువలె అమరిక మాఱినచో పదార్థపు గుణము మాఱునని దీనివలన తెలిసినది. మన పిల్లలు "దృక్ సాదృశ్యము" అను పేరు విని బెదరు ప్రకరణము ఇదియే. దాని మూలము చారు కాచు గిన్నెలో నున్నదని చెప్పినచో బెదరు సగము పోవును. ధర్మవరపు పట్టును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. ముడిపట్టును సబ్బునీటిలో ఉడికించునప్పుడు పోవునది సెరిసిన్ అను జిగురు ప్రోటీను, మిగులునది ఫైబ్రోయిన్. తూకములో నాలుగవ వంతు వఱకు తగ్గిపోవుటకు కారణమిదియే. అద్దకము వేయువాడు ఈ మాటలు ఎఱుగకపోవచ్చును గాని, పని మాత్రము జీవరసాయనమే.

తెర ఈయలేనిది ప్రయోగశాల. బ్యూరెట్టునుండి పర్మాంగనేటు బొట్టుబొట్టుగా జాఱుచుండగా, ఏ బొట్టుతో లేత గులాబిరంగు నిలిచిపోవునో కనిపెట్టుట చేతికి రావలసిన విద్య. దానిని చూచి నేర్వలేరు. బ్రౌన్ రింగు పరీక్షలో గోధుమరంగు వలయము ఏర్పడు చోటు పరీక్షనాళికను వంచిన తీరుపై ఆధారపడును. కావున ఆన్‌లైన్ పాఠము తీసికొను విద్యార్థి తన కళాశాలలోని ప్రాక్టికల్సును ఎన్నడును మానరాదు. ఇంటివద్ద ఆమ్లములతో ప్రయోగములు చేయుట ఎంతమాత్రము తగదు. కావలెనన్న పసుపు నీటిలో సున్నపు తేట కలిపి ఎఱ్ఱబాఱుటను, నిమ్మరసము పిండగా మఱల పచ్చబాఱుటను చూడవచ్చును. మన అమ్మమ్మలు పారాణి కలుపుచు నిత్యము చూచిన సూచికయే అది.

భాష మఱియొక చిక్కు. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి "సమతాస్థితి", "ఉత్ప్రేరకము", "సంయోజకత" వంటి చక్కని మాటలతో పుస్తకములు వెలువరించినది. 2021 నుండి జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రము తెలుగునను లభించుచున్నది. దానిపైనున్న అడ్వాన్స్‌డ్ పరీక్ష మాత్రము ఆంగ్లము, హిందీలలోనే. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు సమతాస్థితి తెలిసియు, ఈక్విలిబ్రియం అనగానే తడబాటు కలుగును. రెండు మాటలను జతగా పలుకు గురువును వెదకుడని మా సలహా.

సముద్రమునకు ఆవల నున్న తెలుగు కుటుంబములకు ఇదే విద్య వేఱురూపమున కావలసియున్నది. అమెరికాలో ఉన్నతపాఠశాల పిల్లలు వ్రాయు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కెమిస్ట్రీ పరీక్షలో అఱువది ఎంపిక ప్రశ్నలతోపాటు ఏడు ప్రశ్నలకు కారణములతో విపులముగా వ్రాయవలెను. మన ప్రవేశపరీక్షలలో తుది సమాధానమునకే మార్కు. వారికి దారికి కూడ మార్కు. భారతదేశమున కూర్చుండి అమెరికా పిల్లలకు పాఠములు చెప్పు వ్యాపారము బెంగుళూరులో ట్యూటర్‌విస్టా అను సంస్థతో 2005లోనే మొదలైనది. మనకు రాత్రియైనప్పుడు వారికి పగలగుట వలన, నిద్ర మాత్రము గురువులదే నష్టము!

ఇక డబ్బు సంగతి. 2020లో కరోనా వలన పాఠశాలలు మూతపడినప్పుడు ఈ వ్యాపారము విపరీతముగా పెరిగినది. వాయిదాల పద్ధతియని చెప్పి, తల్లిదండ్రులకు తెలియకుండగనే అప్పుపత్రములపై సంతకములు చేయించుకొన్న ఉదంతములు బయటపడినవి. కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో ప్రజలకు హెచ్చరిక వెలువరించి, బ్యాంకు ఖాతానుండి తనంతట తానే సొమ్ము పోవు ఏర్పాటునకు సమ్మతింపవలదని చెప్పినది. 2024 నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ కోచింగు కేంద్రముల మోసపు ప్రకటనలను అరికట్టు మార్గదర్శకములు జారీచేసినది. "తప్పక సీటు వచ్చును" అను హామీలు వాని ప్రకారము నిషిద్ధము. అట్టి హామీ ఇచ్చువాడు రసాయనము ఎంత తెలిసినవాడైనను వానిని వదలుడు. చేరుటకు ముందు ఒక్క పాఠము ఉచితముగా వినిపింపుమని అడుగుడు. ఆ పాఠములో గురువు ఎన్ని ప్రశ్నలు అడిగెనో, విద్యార్థి ఎంతసేపు మాటాడెనో తల్లియో తండ్రియో ప్రక్కన కూర్చుండి గమనించిన చాలును. అందుకు రసాయనశాస్త్రము తెలియనక్కఱలేదు.

రుసుము లేని మార్గములును కలవు. 2017 జూలైలో ఆరంభమైన స్వయంప్రభ చానళ్లలో ఐ.ఐ.టి. ఆచార్యులు జె.ఇ.ఇ. అభ్యర్థులకు చెప్పు పాఠములున్నవి. వీనికి అంతర్జాలముతో పనిలేదు. దూరదర్శన్ ఉచిత డిష్ ఉన్న చాలును. 2023 మార్చిలో ఐ.ఐ.టి. కాన్పూరు సహాయముతో విద్యాశాఖ ప్రారంభించిన "సాథీ" అను వేదికలో ప్రశ్నల అభ్యాసము కలదు. ఇవి దాచిన పాఠముల కోవలోనివే గనుక, సందేహములకు మనిషిని వేఱుగా చూచుకొనవలెను. ఆ మనిషి ఊరి జూనియర్ కళాశాల అధ్యాపకుడే కావచ్చును.

ఇంట ఒక్కటే ఫోనున్నచో దాని పంపకమును ముందే నిర్ణయింపుడు. తండ్రి పొలమునుండియో, దుకాణమునుండియో తిరిగివచ్చువఱకు ఫోను రాదు. వచ్చిన తరువాత మొదట అన్నకు, మిగిలినచో చెల్లెలికి అన్నట్లు జరుగుచున్న ఇండ్లున్నవి. ఇద్దఱికిని సమానముగా గంటలు వ్రాసి గోడకు అంటింపుడు. పాఠము వినునప్పుడు నోటుపుస్తకము తెఱచియుండవలెను. వ్రాయక చూచిన రసాయనము సినిమాయగును. లెక్క తప్పినప్పుడు ప్రశ్నసంఖ్య మాత్రము పంపి జవాబు అడుగక, తాము చేసిన లెక్కనంతయు ఫోటో తీసి, కొట్టివేసిన పంక్తులతో సహా గురువునకు పంపవలెను. తప్పు ఎచ్చట మొదలైనదో ఆయనకు కొట్టివేతలలోనే కనబడును.