చలికాలపు రాత్రి - వేడి వేడి ముద్ద

మార్గశిరంలో మాట్లాడే పొద్దుండదు, పుష్యంలో పూసలు గుచ్చే పొద్దుండదు అంటారు పెద్దలు. చలికాలంలో పగలు అంత చిన్నది. సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. పత్తి ఏరబోయిన ఆడవాళ్ళు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. పిల్లలు ఆకలి ఆకలి అంటూ ఉంటారు. పొయ్యి చల్లగా ఉంటుంది.

అప్పుడు ఏం వండాలి? పొద్దుటి అన్నంలో ఇంత పచ్చడి కలిపి పెడితే కడుపు నిండుతుంది. కానీ ఒంటికి బలం రాదు. గంటలకొద్దీ వండే ఓపిక ఉండదు. తక్కువ సేపట్లో, తక్కువ ఖర్చుతో, వేడిగా, బలంగా ఉండే వంటలు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. మన అవ్వలు, అమ్మమ్మలు వండినవే అవి.

చలికి ఆకలి ఎందుకు ఎక్కువ?

మన ఒంటి వేడి ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆదిలాబాదులో, అరకులో, లంబసింగిలో చలి రాత్రుల్లో వాతావరణం 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. బయట చలి పెరిగితే, లోపలి వేడి నిలుపుకోవడానికి ఒళ్ళు ఎక్కువ పని చేయాలి. ఆ పనికి తిండే కట్టె, తిండే నిప్పు. అందుకే చలికి ఆకలి వేస్తుంది.

రాత్రి కంచంలో మూడు రకాలు ఉండేట్టు చూసుకోవాలి. ఒకటి గింజ: బియ్యం, జొన్న, రాగి, సజ్జ, ఏదైనా సరే. రెండు పప్పు: కంది, పెసర, ఉలవ, అనప. మూడు ఆకుకూర లేదా కాయగూర. వాటి మీద ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ. ఈ మూడూ ఉంటే అది మంచి భోజనం. అయిదు సాయంత్రాలకు అయిదు వంటలు చూద్దాం.

మొదటి సాయంత్రం: రాగి సంగటి, ఉలవచారు

రాగులను తెలంగాణలో తైదలు అంటారు. ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. పేరు ఏదైనా గింజ ఒకటే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బరువు పాలలో ఉండేది 120 మిల్లీగ్రాములు. ఎముకలకు, పళ్ళకు కాల్షియం కావాలి.

ఉలవలను పొద్దున పనికి పోయే ముందు కడిగి నీళ్ళలో వేసి పోవాలి. సాయంత్రానికి నానతాయి. నానిన గింజ త్వరగా ఉడుకుతుంది. కట్టెలు, గ్యాసు రెండూ కలిసివస్తాయి. ఉలవలు మెత్తగా ఉడికాక నీళ్ళు వంచాలి. ఆ నీళ్ళే కట్టు. కట్టులో చింతపండు పులుసు, ఉప్పు, కారం, ఉల్లిపాయ ముక్కలు వేసి మరగనివ్వాలి. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుతో తిరగమోత పెడితే చారు తయారు. పెళ్ళిళ్ళలో వడ్డించే చిక్కని ఉలవచారుకు గంటలు పడుతుంది. ఇది పలుచటి చారు. రోజూ చేసుకోవచ్చు.

మిగిలిన ఉలవలు పారేయకూడదు. ఉల్లిపాయ, ఎండుమిర్చి వేసి పోపు పెడితే గుగ్గిళ్ళు అవుతాయి. 100 గ్రాముల ఎండు ఉలవల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిల్లలు ఎదగడానికి అవి చాలా అవసరం.

సంగటికి ఒక గ్లాసు నూకలు కడిగి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడికించాలి. తగినంత ఉప్పు వేయాలి. దాని మీద ఒక గ్లాసు రాగి పిండి కుప్పగా పోయాలి. అప్పుడే కలపకూడదు. మూత పెట్టి సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. పిండి ఆవిరికి ఉడికాక, తెడ్డుతో ఉండలు లేకుండా గట్టిగా కెలకాలి. చేతులు తడి చేసుకుని ముద్దలు కట్టాలి. ముద్ద నడుమ గుంట చేసి చారు పోసుకుంటే చలి ఎటుపోయిందో తెలియదు.

రెండో సాయంత్రం: జొన్న రొట్టె, చిక్కుడుకాయ కూర

చలికాలంలో చిక్కుడు బాగా కాస్తుంది. పచ్చి కందికాయలు వస్తాయి. అనపకాయలు వస్తాయి. చిత్తూరు వైపు నానిన అనపగింజల తోలు పితికి తీసి పితికిపప్పు కూర చేస్తారు. కాయ విరివిగా దొరికే రోజుల్లో ధర తక్కువ, రుచి ఎక్కువ.

రొట్టె విరిగిపోతుందని చాలామంది జొన్న జోలికి పోరు. దానికి ఒక కిటుకు ఉంది. పిండి కొత్తది కావాలి. నీళ్ళు బాగా కాగాలి. కాగిన నీళ్ళు పిండిలో పోసి మొదట గరిటెతో కలపాలి. చెయ్యి పట్టగలిగినంత చల్లారాక బాగా మర్దించాలి. ఎంత మర్దిస్తే అంత సాగుతుంది. పొడిపిండి చల్లి పీట మీద చేత్తో తట్టాలి. కాలిన పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో అద్దాలి. నీరు ఆరాక తిప్పాలి. రెండు వైపులా కాలి పొంగితే రొట్టె అయినట్టే.

సంక్రాంతి రోజుల్లో తెలంగాణలో, రాయలసీమలో కొన్ని చోట్ల నువ్వులు అద్ది సజ్జ రొట్టె చేస్తారు. నువ్వుల్లో నూనె ఉంది, కాల్షియం ఉంది, ఇనుము కూడా ఉంది. చలిలో బలమైన తిండి కావాలని పెద్దలకు తెలుసు. దాన్నే పండగ వంటగా పెట్టారు.

మూడో సాయంత్రం: తోటకూర పప్పు, అన్నం, ఉసిరి పచ్చడి

కందిపప్పు పొద్దునే నానబెడితే సాయంత్రం తొందరగా ఉడుకుతుంది. ముందు ఆకును బాగా కడగాలి. ఆ తరువాతే తరగాలి. తరిగి కడిగితే ఆకులోని సత్తువ కొంత నీళ్ళతో పోతుంది. తోటకూర, మునగాకు, గోంగూర, ఏది దొరికితే అది వేయవచ్చు.

ఆకుకూరలో ఇనుము ఉంది. అది రక్తం పట్టడానికి కావాలి. కానీ ఆకులోని ఇనుము ఒంటికి సులువుగా ఎక్కదు. పులుపు తోడైతే బాగా ఎక్కుతుంది. నిమ్మ, ఉసిరి, జామ వాటిలో సి విటమిన్ ఉంటుంది. అది ఇనుమును ఒంటికి పట్టేట్టు చేస్తుంది. ఉసిరి, జామ చలికాలంలోనే విరివిగా వస్తాయి. పప్పు దించాక నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి విటమిన్ కొంత పోతుంది.

మరో మాట. అన్నం తినగానే టీ తాగకూడదు. తిండిలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. తాగాలంటే ఒక గంట ఆగి తాగాలి.

నాలుగో సాయంత్రం: పులగం, పల్లీ పచ్చడి

బాగా అలసిపోయిన రోజున ఒకే కుండ, ఒకే వంట. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు పెసరపప్పు కలిపి కడగాలి. తొమ్మిది గ్లాసుల నీళ్ళు పోయాలి. పసుపు, ఉప్పు, టమాట, ఇంట్లో ఉన్న కాయగూర ముక్కలు, ఇంత ఆకుకూర వేయాలి. మెత్తగా ఉడికాక మిరియాలు, జీలకర్ర, అల్లం తిరగమోత పెట్టాలి. అరగంటలో అయిదుగురికి భోజనం అవుతుంది. గుడ్డు దొరికితే ఉడకబెట్టి పక్కన పెట్టుకోవచ్చు.

ఆరు నెలలు నిండిన పాపకు కూడా ఇదే పులగం పెట్టవచ్చు. కారం, తిరగమోత వేయకముందే కొంత తీసి మెత్తగా మెదపాలి. అర చెంచా నెయ్యి కలపాలి. తల్లిపాలు మానకూడదు.

పల్లీలు వేయించేటప్పుడు చూసి ఏరాలి. బూజు పట్టినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి పారేయాలి. ఆ బూజులో విషం ఉంటుంది. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు.

అయిదో సాయంత్రం: మిరియాల చారు, ఎండుచేపల కూర

పది మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచాలి. నిమ్మకాయంత చింతపండు పిసికి, నాలుగు గ్లాసుల చారునీళ్ళు చేయాలి. ఉప్పు, పసుపు, దంచిన పొడి వేసి కాచాలి. ఒక్క పొంగు రాగానే దించాలి. ఎక్కువ మరిగితే వాసన పోతుంది.

కోస్తా ఊళ్ళలో దీనికి తోడు వంకాయ, ఎండుచేపల కూర ఉంటే చాలు. ఎండుచేపలను వేడినీళ్ళలో వేసి కడిగితే ఉప్పు తగ్గుతుంది. కూరలో ఉప్పు చూసి వేయాలి. బీపీ ఉన్నవాళ్ళు ఎండుచేపలు మానుకోవడం మేలు. చేపలు తినని వాళ్ళు పప్పు గానీ గుగ్గిళ్ళు గానీ చేసుకోవచ్చు.

మిరియాల చారు తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. జలుబును మాత్రం అది నయం చేయదు. చిన్నపిల్లకు దగ్గుతో పాటు ఊపిరి వేగంగా ఆడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా చారు పోస్తూ కూర్చోకూడదు. అది న్యుమోనియా కావచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వండిన చేయి ఏం తింటోంది?

ఇప్పుడు అసలు సంగతి. ఇన్ని రకాలు వండిన ఆమె ఏం తింటోంది?

చాలా ఇళ్ళలో ముందు మగవాళ్ళు తింటారు. తరువాత పిల్లలు తింటారు. చివరికి అడుగు అన్నం, కాస్త చారునీళ్ళు ఆమెకు మిగులుతాయి. కూర గిన్నె ఖాళీ అయి ఉంటుంది. "నాకు ఆకలి లేదులే" అంటుంది. పగలంతా చేలో వంగి పనిచేసిన మనిషికి ఆకలి ఎందుకు ఉండదు?

2019-21లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళకు రక్త పరీక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే సగం కంటే ఎక్కువ మంది. రక్తం తక్కువైతే ఆయాసం వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. పని సాగదు. కాన్పు సమయంలో ప్రాణం మీదికి వస్తుంది.

రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి. తిండి చాలకపోవడం, ఇనుము తగ్గడం, కడుపులో నులిపురుగులు, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం వాటిలో కొన్ని. కంచం సరిచేసుకోవడం మన చేతిలో ఉన్న పని. అందరూ ఒక్కసారే కూర్చుని తినాలి. లేదా కూర పొయ్యి మీద నుంచి దించగానే ఆమె వాటా ఒక గిన్నెలో తీసి మూత పెట్టాలి. ఆ గిన్నె ఎవరూ ముట్టకూడదు. దీనికి ఖర్చు ఏమీ లేదు. కావలసింది ఇంట్లో వాళ్ళ మనసు.

రక్తం ఎంత ఉందో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకోవచ్చు. ఆడవాళ్ళకు 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాములు తగ్గకుండా ఉండాలి. తగ్గితే తిండి ఒక్కటే చాలదు. ఇనుము మాత్రలు వేసుకోవాలి. అవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు.

జనం అనుకునే కొన్ని మాటలు

"చలికాలంలో పెరుగు తింటే జలుబు చేస్తుంది" అంటారు. జలుబు వచ్చేది కంటికి కనిపించని వైరస్ వల్ల. పెరుగు వల్ల కాదు. పడిన వాళ్ళు మానవలసిన పని లేదు.

"షుగరు ఉన్నవాళ్ళు రాగి సంగటి ఎంత తిన్నా ఏమీ కాదు" అంటారు. ఇది తప్పు. రాగిలోనూ పిండి పదార్థం ఉంది. ఎక్కువ తింటే షుగరు పెరుగుతుంది. చిన్న ముద్ద తిని, పప్పు, ఆకుకూర ఎక్కువగా తినాలి.

"చలిలో దాహం వేయదు, నీళ్ళు అక్కరలేదు" అంటారు. దాహం తెలియకపోయినా ఒంటికి నీళ్ళు కావాలి. గోరువెచ్చని నీళ్ళు మధ్య మధ్య తాగుతూ ఉండాలి.

పొయ్యి దగ్గర జాగ్రత్త

చలికి కిటికీలు, తలుపులు మూసి కట్టెల పొయ్యి మీద వండితే పొగ లోపలే తిరుగుతుంది. వండే తల్లి, ఆమె ఒడిలో పిల్ల ఆ పొగే పీలుస్తారు. కళ్ళు మండుతాయి. ఊపిరితిత్తులు చెడతాయి. పొగ పోయే దారి తప్పక ఉండాలి. ఎండిన కట్టె వాడాలి. గిన్నె మీద మూత పెట్టాలి. వంట త్వరగా అవుతుంది, పొగ తగ్గుతుంది.

వంట అయ్యాక కొందరు నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపు వేసుకుని పడుకుంటారు. ఇది ప్రాణాలు తీసే పని. నిప్పుల నుంచి ఒక విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. కుంపటి బయటే ఉంచండి. లోపల దుప్పటి కప్పుకోండి.

పైట చెంగు, శాలువా మంట దగ్గర వేలాడకుండా దోపుకోవాలి. పిల్లలను పొయ్యికి దూరంగా కూర్చోబెట్టాలి.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో రాత్రి చివర తినేది ఎవరు? ఆమెకు కూర మిగులుతోందా?

మీ ఊళ్ళో ఈ చలికాలంలో ఏ కాయలు, ఏ ఆకులు చవకగా దొరుకుతున్నాయి?

మీ అవ్వ చలికాలంలో వండే వంట ఏది? ఎట్లా వండుతుందో అడిగి, మీ చేత్తో పలక మీదో కాగితం మీదో రాయండి. రాసింది పక్కింటి వాళ్ళకు చదివి వినిపించండి.