మూడు గంటల దారికి ఒక రాత్రంతా

పొద్దుగూకాక కృష్ణపట్నం దాపున ఒడ్డు మీద నిలబడితే దూరాన సముద్రంలో దీపాలు కనిపిస్తుంటాయి. పండక్కి వచ్చిన పిల్లలు వేలు పెట్టి చూపించి ‘అదిగో, క్రూయిజ్ షిప్!’ అంటారు. కాదు. అవి రేవులో వంతు కోసం లంగరు వేసుక్కూర్చున్న సరుకు ఓడలు. చెన్నై, విశాఖల మధ్య నడిచే విహార నౌక సీజన్లో మన ముందునుంచే పోతుంది, అదీ రాత్రివేళ. అయినా అది నెల్లూరు వాళ్ల కంట పడదు. అందులో ఉన్నవాళ్లకు నెల్లూరు అసలే కనబడదు.

ముందు ఆ ఓడ రాత్రిళ్లు ఏం చేస్తుందో చూద్దాం. అది పుదుచ్చేరి దగ్గరా ఆగుతుంది. అక్కణ్నుంచి చెన్నైకి కారులో మూడు గంటలు. సముద్రం మీద సుమారు 140 కిలోమీటర్లు. ఓడ తన మామూలు వేగంతో, అంటే 18 నాట్లతో, మన లెక్కలో గంటకు 33 కిలోమీటర్లతో నడిస్తే నాలుగైదు గంటల్లో చేరిపోవాలి. కానీ సాయంత్రం ఏడింటికి లంగరు ఎత్తిన ఓడ మర్నాడు ఉదయం ఏడింటికి గానీ రేవులోకి రాదు. అంటే గంటకు పన్నెండు కిలోమీటర్లు. సైకిలు వాడు దాటేసి పోతాడు.

ఇది ఓడ చేతగానితనం కాదు, ఓడవాళ్ల లెక్క. ముందుగా వచ్చి ఏం చేయాలి? రేవులో చోటు ఫలానా గంటకని ముందే ఖాయం చేసుకున్నది. ఓడను రేవులోకి నడిపించే పైలట్ ఆ వేళకే పడవలో ఎదురొస్తాడు. తాడు నిచ్చెన పట్టుకుని కదిలే ఓడలోకి ఎక్కుతాడు. ఓడను లాగే టగ్గులు ఆ వేళకే సిద్ధమవుతాయి. ఊరు చూపించే బస్సులూ అప్పుడే వస్తాయి. తెల్లవారుజామున మూడింటికే రేవు చేరితే ఓడ పరిమాణాన్నిబట్టీ, ఉన్న గంటలనుబట్టీ అద్దె కట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. దిగేవాడూ ఉండడు.

అసలు మర్మం ఇంధనంలో ఉంది. నీటిని చీల్చుకుని పోవడానికి ఓడకు కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. వేగం సగం చేస్తే ఇంజన్ మీది భారం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ప్రయాణం రెట్టింపు సేపు సాగినా, నడకకయ్యే నూనె మొత్తం మీద పావు వంతే. అయితే ఏసీలు, వంటశాల, దీపాలు, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు మాత్రం వేగంతో నిమిత్తం లేకుండా తమ వాటా తాము తింటూనే ఉంటాయి. అందుకే మెల్లగా పోయే ఓడ చవకే గానీ ఉచితం కాదు.

మరీ మెల్లగా పోతే వేరే చిక్కు. ఓడ ఒరిగిపోకుండా పక్కలకు రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. నీరు వేగంగా తాకుతున్నప్పుడే వాటికి బలం. వేగం పడిపోతే అవి ఉన్నా లేనట్టే. పక్కనుంచి అల కొడితే భోజనాల బల్ల దగ్గర మొహాలు మారిపోతాయి. అందుకని కెప్టెన్ తిన్నగా రాకుండా బయటి సముద్రంలోకి పోయి, అల ముందునుంచో వెనకనుంచో వచ్చేలా దిక్కు పట్టుకుని, చుట్టు తిరిగి వస్తాడు. అలా బయటికి పోవడంలో ఇంకో ఉపయోగం కూడా ఉంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం శుద్ధి చేయని మురుగునీటిని ఒడ్డుకు 12 నాటికల్ మైళ్ల లోపు వదలకూడదు. వదిలేటప్పుడు ఓడ నాలుగు నాట్లకు తగ్గకుండా నడుస్తూ ఉండాలి. చాలా దేశాల్లో ఓడలోని జూదశాలలూ, సుంకం లేని దుకాణాలూ తెరుచుకునేదీ ఆ 12 మైళ్ల గీత దాటాకే. ప్రయాణికుడు నిద్రపోయే వేళలో ఓడకు నడక ఒక్కటే పని కాదన్నమాట.

మన తీరంలో తిరిగిన కార్డేలియా కంపెనీ వారి ఎంప్రెస్ అచ్చంగా ఇలాంటి రాత్రి నడకల కోసం పుట్టిందే. 1990లో ఫ్రాన్సులోని సెంట్ నజేర్‌లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో కట్టారు. మయామీ నుంచి బహామాస్‌కు మూడు నాలుగు రాత్రుల పొట్టి యాత్రల కోసమే రాయల్ కరీబియన్ తిప్పింది. 211 మీటర్ల పొడవు. మూడు దశాబ్దాలు అక్కడా ఇక్కడా తిరిగి 2021 సెప్టెంబరులో ముంబై నుంచి మన ప్రయాణికులతో బయలుదేరింది. మరుసటి జూన్‌లో తూర్పు తీరానికి వచ్చింది. నైరుతి రుతుపవనాలకు పడమటి సముద్రం రేగిపోయే కాలంలో మన వైపు కాస్త నెమ్మదిగా ఉంటుంది కదా. ఆ ఏడాది పుదుచ్చేరి ప్రభుత్వం రానివ్వలేదు. 2025 జులైలో వచ్చినప్పుడు ఓడ బయటే లంగరు వేసింది. జనాన్ని చిన్న బోట్లలో ఒడ్డుకు చేర్చారు. విశాఖ మాత్రం 2023 సెప్టెంబరులోనే ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ తెరిచి కూర్చుంది.

ఇంతకీ మనకెందుకు కనబడదు? మ్యాపు తీసుకుని చెన్నై రేవు నుంచి విశాఖకు స్కేలు పెట్టి గీత గీయండి. సుమారు 600 కిలోమీటర్లు. మన తీరం పులికాట్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఓడ ఈశాన్యానికి పోతుంది. శ్రీహరికోట ఎదురుగా వచ్చేసరికే మధ్యన దాదాపు యాభై కిలోమీటర్ల నీళ్లు. కృష్ణపట్నం ఎదురుగా తొంభై దాకా. దీపస్తంభం వెలుగు మహా అయితే నలభై కిలోమీటర్లు చేరుతుంది. ఆ గీత మీద పోయే ఓడకు నెల్లూరు కన్నా కోనసీమే దగ్గర!

తీరాన్ని ఒరుసుకుని పోకపోవడానికి దూరం కలిసిరావడం ఒక్కటే కారణం కాదు. దుగరాజపట్నం ముందర ఆర్మగాన్ ఇసుక తిప్పలున్నాయి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగముంటే ఫలానా గంటల్లో ఫలానా నీళ్లలోకి రావద్దని నావికులకు హెచ్చరిక వెళుతుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి మన వలలు. ఫైబర్ బోటు రాడార్‌లో సరిగా పడదు. నిబంధన ప్రకారం వలేసిన బోటు తెల్లదీపం మీద ఎర్రదీపం పెట్టాలి. ట్రాలర్ అయితే తెల్లదాని మీద పచ్చది. తీరం వెంట అడిగి చూడండి, చాలా బోట్లలో ఉండేది ఒక టార్చిలైటు. పెద్ద ఓడ వస్తుంటే దాన్నే ఊపుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు మరబోట్లు లేక ఓడ నడిపే గదిలో కాపలా ఉన్న ఆఫీసరుకు కాస్త ఊపిరి. జూన్ 15 తర్వాత వచ్చే ఓడ మాత్రం కళ్లలో వత్తులు వేసుకోవాల్సిందే.

రాత్రిపూట నీటి మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడం నెల్లూరుకు కొత్త కాదు. సముద్రం మీద కాదు, దాని పక్కనే తవ్విన బకింగ్‌హాం కాలవ మీద. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు. ఉప్పు, కట్టెలు, ధాన్యం, మనుషులు అందులోనే మద్రాసు చేరేవాళ్లు. గట్టున తాడు లాగేవాళ్లు లాగుతుంటే, గెడలు వేస్తుంటే, పడవలో జనం నిద్రపోయేవాళ్లు. 1899లో బెజవాడ–మద్రాసు రైలు దారి కలిశాక తగిలిన దెబ్బ ఆ పడవలను మళ్లీ కోలుకోనివ్వలేదు.

ఇక అందరూ అడిగేది: క్రూయిజ్ కృష్ణపట్నం రాకూడదా అని. దూరం చూస్తే అమోఘం. చెన్నైకి 130 కిలోమీటర్లు, అచ్చంగా ఒక రాత్రి నడక. లోతుకు కొదవలేదు, ఎంప్రెస్ కన్నా ఎంతో లోతు కావలసిన బొగ్గు ఓడలే వస్తున్నాయి. కానీ 2008లో మొదలైన ఆ రేవు సరుకు కోసం కట్టింది. తెల్లచొక్కా వేసుకుని దిగినవాణ్ని బొగ్గు గుట్టల మధ్యనుంచి నడిపించలేరు. దిగాక మైపాడుకో, పులికాట్‌కో, ఉదయగిరి కోటకో తీసుకెళ్లి సాయంత్రానికి తిరిగి ఓడెక్కించాలంటే వాహనాలు, దారి, నడిపే మనుషులు ఉండాలి. ఇవి లేకుండా టెర్మినల్ కట్టడం రిబ్బను కత్తిరించడానికే పనికొస్తుందని నా అభిప్రాయం. ముందు పులికాట్‌లో పర్యాటకుడికి ఒక శుభ్రమైన పడవా, మరుగుదొడ్డీ చూపించమనండి.

అందాకా ఓడెక్కాలనుకునే నెల్లూరు వాళ్లకు దగ్గరి రేవు చెన్నైయే. విశాఖ వైపు పోయేటప్పుడు మన ఊరు చూద్దామని అర్ధరాత్రి డెక్కు మీద పడిగాపులు పడకండి, ఏమీ కనబడదు. హాయిగా పడుకోండి. రేవు చేరే రోజు మాత్రం తెల్లారగట్ల లేవండి. పైలట్ నిచ్చెన పట్టుకునే వేళకు డెక్కు అంచున ఉంటే టిక్కెట్టు డబ్బులు సగం అక్కడే గిట్టుబాటవుతాయి.