150 కార్లే ఎందుకు చేస్తారు? మన కుర్రాళ్లకి అందులో ఏటుంది?

ఫోన్లో రీల్స్ తిప్పితే చాలు, ఏదో ఒక సూపర్ కారు ఎదురౌతాది. తలుపులు రెక్కల్లాగ పైకి లేస్తాయి. కింద మనోళ్ల కామెంట్లు: "ధర ఎంతన్నా?" నాకైతే ఇంకో ప్రశ్న ముఖ్యం. అంత పేరున్న కంపెనీ 150 కార్లే చేసి ఎందుకు ఆపేస్తాది? గోవాడలో ట్రాక్టర్లు, బెల్లం పెనాలు చూసి పెరిగినోడిగా దీనికి జవాబు మన బాషలోనే చెప్పొచ్చనిపించింది.

పినిన్‌ఫరీనా బటిస్టా అనే కారునే తీసుకుందాం. పేరు ఇటలీది గానీ సొంతదారులు మన దేశమోళ్లే. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేస్తున్న మహీంద్రా వాళ్లు 2015 డిసెంబరులో పినిన్‌ఫరీనాని కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. 2018లో ఇలాంటి కార్ల కోసమే ఆటోమొబిలీ పినిన్‌ఫరీనా అని వేరే కంపెనీ పెట్టారు. 2019 మార్చిలో జెనీవాలో బటిస్టాని చూపించారు. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు దాన్ని హైదరాబాద్ కూడా తెచ్చారు. 1,900 హార్స్ పవర్. అంటే 45 హార్స్ పవర్ ట్రాక్టర్లు 42 కలిపినంత!

ఈ పినిన్‌ఫరీనా మొదట్లో ఏటి చేసేదో తెలుసా? బాడీ బిల్డింగ్. 1930లో టురిన్ ఊళ్లో బటిస్టా ఫరీనా అనే ఆయన పెట్టిన షెడ్డు అది. వేరే కంపెనీలు చేసిన ఛాసిస్ మీద వీళ్లు రేకు కొట్టి బాడీ కట్టేవోళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టినట్టే అన్నమాట. తర్వాత ఫెరారీలకి దశాబ్దాల పాటు రూపు దిద్దింది వీళ్లే.

ఇప్పుడు 150 లెక్కకి వద్దాం. మామూలు కారు బాడీ అంటే ఉక్కు రేకుని పెద్ద ప్రెస్సులో డైల మధ్య పెట్టి నొక్కుతారు. ఆ డైలు చేయించడానికి బోల్డు ఖర్చు. లెక్క కోసం 100 కోట్లు అనుకుందాం. 5 లక్షల కార్లు అమ్మితే ఒక్కో కారు మీద పడేది 2,000 రూపాయలు. 150 కార్లే అమ్మితే? ఒక్కో కారు మీద 66 లక్షల పైనే! అందుకే తక్కువ కార్లు చేసేవోడు ఉక్కు డైల జోలికి పోడు. మిల్లు పెట్టాలంటే వేల ఎకరాల చెరకు కావాలి, బెల్లం వండాలంటే ఒక పెనం చాలు. ఇదీ అంతే.

మరి బాడీ దేంతో చేస్తారు? కార్బన్ ఫైబర్‌తో. పూడిమడక నుంచి భీమిలి దాకా ఒడ్డున ఫైబర్ బోట్లు చూసే ఉంటారు కదా? అచ్చులో గాజు పీచు పరిచి, రెజిన్ పూసి, ఆరాక బయటికి తీస్తారు. కార్బన్ ఫైబర్‌కీ మూలం అదే. కాకపోతే రెజిన్ ముందే పట్టించిన బట్టని పొరలు పొరలుగా అచ్చులో పేర్చి, సంచిలో పెట్టి గాలి లాగేసి, ఒత్తిడి, వేడి ఇచ్చే పెద్ద ఓవెన్లో ఉడికిస్తారు. దాన్ని ఆటోక్లేవ్ అంటారు. ఏ పొరలో పీచు ఎటు తిరగాలో చేత్తో సరిచూడాలి. అందుకే పని నెమ్మది. ఇటలీలోని కాంబియానోలో ఒక్క బటిస్టా తయారుకి 1,250 గంటలకి పైనే పడతాది.

అందం సంగతి చూద్దాం. కరెంటు కార్లలో బ్యాటరీ ఎక్కువగా నేల కింద పరుస్తారు. దాంతో సీటు ఎత్తుకి పోతాది, కారు కూడా ఎత్తుగా కనిపిస్తాది. బటిస్టాలో 120 కిలోవాట్ అవర్ బ్యాటరీని ఇంగ్లీషు "టీ" అక్షరంలాగ, సీట్ల వెనకా మధ్యలోనూ అమర్చారు. సీటు కిందికి దిగింది, కప్పు కిందికి దిగింది. అంటే ఆ రూపు కాయితం మీద బొమ్మ గీస్తే వచ్చింది కాదు, బ్యాటరీ జాగా మార్చితే వచ్చింది. వెనక రెక్క కూడా సోకు కోసం పెట్టింది కాదు. బ్రేకు నొక్కితే నిలువుగా లేచి గాలిని అడ్డుకుంటాది.

చక్రానికొకటి చొప్పున నాలుగు మోటార్లు. మలుపులో ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో కంప్యూటరు చూసుకుంటాది. దుక్కి చివర ట్రాక్టరు తిప్పేటప్పుడు ఎడమ, కుడి బ్రేకుల్లో ఒకటే నొక్కుతాం కదా, దానికి అన్నలాంటిది ఈ ఏర్పాటు.

అయితే ఆ మోటార్లు, బ్యాటరీ పినిన్‌ఫరీనావి కావు. క్రొయేషియాలోని రిమాక్ కంపెనీవి. చిన్నగా చేసేవోడు అన్నీ సొంతంగా చెయ్యడు, తనకొచ్చిన పని తను చేసి మిగతావి కొనుక్కుంటాడు. ఆ రిమాక్ ఎలగ పుట్టింది? మాటే రిమాక్ అనే కుర్రాడి దగ్గర 1984 నాటి పాత బీఎండబ్ల్యూ ఉండేది. దాని ఇంజిన్ పేలిపోతే కరెంటు మోటారు బిగించాడు. 2009లో కంపెనీ పెట్టాడు. 2021కి బుగాటీ కూడా వాళ్ల కంపెనీతో కలిసింది.

నన్ను తొలిచే విషయం ఇక్కడే ఉంది. అదే పని మన ఊరి కుర్రాడు చేస్తే? కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండికి రిజిస్ట్రేషన్ కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త బండి చేస్తే నమూనాని పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించాలి. ఈ జాగ్రత్త తప్పు కాదు, రోడ్డు మీద ప్రాణాలుంటాయి. కానీ బ్రిటన్‌లో ఒక్క కారు చేసినోడికీ విడిగా పరీక్ష పెట్టే పద్ధతి ఉంది. యూరప్‌లో కొద్ది కార్లే చేసేవోళ్లకి వేరే నిబంధనలున్నాయి. పరీక్ష కఠినంగానే ఉండనీ, చిన్నోడు కూడా రాయగలిగేలా ఉండాలి.

రెండోది చదువు. మన ఐటీఐల్లో ఫిట్టరు, వెల్డరుతో పాటు ఫైబర్ అచ్చుల పని, బ్యాటరీ పని గట్టిగా నేర్పాలి. బోటు అచ్చులో పొరలు వెయ్యడం వచ్చిన చెయ్యికి కార్బన్ పని మరీ కొత్త కాదు.

ఈసారి రీల్‌లో ఆ కారు కనిపిస్తే ధర అడగడం మానేసి, బాడీ దేంతో చేశారు, మోటారు ఎవరిది, ఎన్ని గంటలు పట్టింది అని అడగండి. చేతిపని తెలిసినోడికే ఆ ప్రశ్నలు తడతాయి.