కసారా ఘాట్‌లో వెనకనుంచి తోసేవాళ్లు

చలికాలం ఆదివారాల్లో తెల్లారకముందే భివండి బైపాస్ మీదికి సైకిళ్లు వస్తాయి. మాన్‌కోలి గోదాముల్లో సరుకు దించి ఎత్తుకుపోయే కంటైనర్ లారీలు అప్పటికింకా బారులు తీరే ఉంటాయి. వాటి పక్కన రోడ్డంచు తెల్లగీతను పట్టుకుని, వెనక ఎర్రదీపాలు మిణుకుమంటుండగా, పది పదిహేను మంది ఒకే వరుసలో తొక్కుకుంటూ పోతారు. థానె, ముంబైల నుంచి నాసిక్ దారి పట్టిన బృందాలివి. దూరం పోయే బృందమైతే వెనక ఒక బండి కూడా ఉంటుంది. అందులో నీళ్ల డబ్బాలు, అరటిపళ్లు, ట్యూబులు, గాలిపంపు, మందుల పెట్టె, ఒక మెకానిక్.

ఈ ముఖచిత్ర కథనానికి ఎడిటర్ అడిగింది సైకిల్ యాత్రలో ఒక రోజు గురించి. రాయడం మొదలుపెట్టాక మాత్రం కథనం ఆ వెనక బండిని వదల్లేకపోయింది. ఆ బండి సంగతి అర్థం కావాలంటే కసారా స్టేషన్‌లో ఆగాలి.

భివండి నుంచి నాసిక్‌కు 140 కిలోమీటర్ల లోపే. పడ్‌ఘా, షహాపూర్, ఖర్డీ దాటేదాకా దారిలో చిన్న చిన్న ఎత్తుపల్లాలే తప్ప పెద్ద కష్టం లేదు. ఇక్కడ బృందమే బలం. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడు అతని చక్రానికి దగ్గరగా ఉండి అదే వేగాన్ని తక్కువ శ్రమతో నిలబెట్టుకుంటాడు. కాసేపటికి ముందువాడు పక్కకు తప్పుకుని వరుస చివరికి వస్తాడు. ఇంకొకరు ముందుకెళతారు. షహాపూర్‌లో టీ, వడాపావ్. (ముంబై తాగే తాన్‌సా, భాత్సా నీళ్లు ఈ తాలూకావే. ఎండాకాలం వస్తే ఇక్కడి పల్లెలు మాత్రం ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తాయి. సీసాలు నింపుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.)

తరవాత కసారా.

భివండి పద్మనగర్ తెలుగువాళ్లలో ఈ ఊరిని దాటనివాళ్లు తక్కువే. చూసినవాళ్లు కూడా తక్కువే. కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు ఊరికి పోయే దారుల్లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఒకటి. రాత్రి కల్యాణ్‌లో ఎక్కి, మన్మాడ్, ఔరంగాబాద్, నాందేడ్, బాసర మీదుగా నిజామాబాద్, సికింద్రాబాద్ చేరతారు. కసారా వచ్చేసరికి పెట్టెలో చాలామంది నిద్రలో ఉంటారు. రైలు ఆగుతుంది, వెనకనుంచి ఒక కుదుపు తగులుతుంది. ఆ కుదుపే బ్యాంకర్.

కసారా నుంచి ఇగత్‌పురికి రైలుదారి 16 కిలోమీటర్లు. ఆ కొద్ది దూరంలోనే పట్టాలు 972 అడుగులు పైకెక్కాలి. బాగా నిటారుగా ఉన్నచోట వాలు 37 అడుగులకు ఒక అడుగు. పట్టాల మీద ఇది చాలా నిటారు. బరువైన రైలును ముందున్న ఇంజన్ ఒక్కటే లాగితే చక్రాలు జారిపోవచ్చు, పెట్టెల మధ్య కొక్కేల మీద తట్టుకోలేనంత లాగుడు పడవచ్చు. అందుకే కసారాలో రైలు వెనక బ్యాంకర్లనే అదనపు ఇంజన్లు తగిలిస్తారు. ముందు ఇంజన్ లాగుతుంది, ఇవి తోస్తాయి. ఇగత్‌పురిలో వాటిని విడదీస్తారు. అక్కడినుంచి దిగివచ్చి మళ్లీ ఇంకో రైలు వెనక నిలబడతాయి. రోజంతా వాటి పని అదే. 2023 ఫిబ్రవరిలో మొదలైన ముంబై–షిర్డీ వందేభారత్‌కు మాత్రం ఈ సాయం అక్కర్లేదు. దాని మోటార్లు అన్నీ ఒక్కచోట లేవు, పెట్టెల కింద పంచి ఉన్నాయి.

సపోర్ట్ బండితో సైకిల్ తొక్కేవాళ్లను చూసి ‘అదేం గొప్ప’ అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒకసారి కసారా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడాలి. వేల టన్నుల గూడ్స్ రైలు కూడా ఈ కొండ ముందు ఆగి, వెనక ఒక తోపు పడితేనే కదులుతుంది. దాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

రోడ్డు ఘాట్ రైలుదారికన్నా నిటారు. వేగం పది కిలోమీటర్లకు పడిపోయాక ముందువాడి వెనక దాక్కుని లాభం లేదు. అడ్డుపడేది గాలి కాదు, సొంత ఒళ్లు, సైకిల్ బరువు. వరుస తెగిపోతుంది. ఎవరి మలుపు వారిది, ఎవరి ఊపిరి వారిది. ఈ కథనానికి ఎక్కువ ఇష్టమైన మనిషి అప్పుడు కనబడతాడు. అతను స్వీప్ రైడర్. ఘాట్ ముందే ఎక్కేసే సత్తా ఉండీ, అందరికన్నా వెనకబడ్డవారి పక్కనే, వాళ్ల వేగంతోనే తొక్కుతాడు. అతని వెనక బండి. చైను తెగినా, తొడ కండరం పట్టేసినా, అతనూ బండీ తోడున్న మనిషి ఒంటరివాడు కాడు.

చరిత్ర క్లుప్తంగా: 1853లో బోరీబందర్ నుంచి థానెకు తొలి రైలు, 1865లో థల్ ఘాట్ (ఈ కసారా ఘాటే) దాటిన పట్టాలు. 1891లో పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ పందెం, ఇప్పుడది నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల యాత్ర. 2015లో నాసిక్ డాక్టర్ సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ ఇద్దరి జట్టుగా అమెరికాను అడ్డంగా దాటే ‘రేస్ అక్రాస్ అమెరికా’ పూర్తిచేశారు. 2017లో శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగ్‌పూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ దాన్ని ఒంటరి విభాగంలో 12 రోజుల గడువు లోపే ముగించారు. ఒంటరి విభాగమన్నా ఆ పందెంలో రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు దాకా వెనక బండి దీపాల వెలుగులోనే తొక్కాలన్నది నియమం.

ఇక భివండి రోడ్డు. నాగ్‌పూర్ నుంచి వచ్చే 701 కిలోమీటర్ల సమృద్ధి మహామార్గం ముగిసేది భివండి తాలూకాలోని ఆమణె దగ్గరే. ఇగత్‌పురి–ఆమణె మధ్య చివరి 76 కిలోమీటర్లు 2025 జూన్ 5న తెరిచారు. దాదాపు ఎనిమిది కిలోమీటర్ల సొరంగం కసారా ఘాట్‌ను తప్పించేస్తుంది. అందులో మోటార్ సైకిల్‌కే అనుమతి లేదు, సైకిల్ సంగతి చెప్పాలా! పాత హైవే మీద లారీల పక్కన తెల్లగీతే సైకిల్‌కు మిగిలింది. ఇంత డబ్బు పోసి దారులు వేసేచోట, సైకిల్ మీద పనికి పోయే మనిషి కోసం రెండు మీటర్ల వెడల్పు అట్టిపెట్టకపోవడం అన్యాయం. సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసినవాడికి ఆదివారం నాసిక్ దాకా తొక్కే ఓపిక లేకపోవచ్చు. రోజూ కార్ఖానాకు క్షేమంగా చేరే హక్కు మాత్రం ఉంది.

గడువుల లెక్క
బండి సాయం లేని యాత్రలూ ఉన్నాయి. వాటిని బ్రెవే అంటారు. నిర్ణీత చెక్‌పోస్టుల దగ్గర తప్ప బయటి సాయం తీసుకోకూడదు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. సగటున గంటకు పదిహేను కిలోమీటర్లన్నమాట. తిండి, పంక్చరు, నిద్ర అన్నీ అందులోనే.

దక్షిణాన
సపోర్ట్ బండ్లతో సాగే యాత్రల్లో పేరున్నది టూర్ ఆఫ్ నీలగిరీస్. బెంగళూరు మిత్రులు 2008 డిసెంబరులో మొదలుపెట్టారు. అందులో అందరూ చెప్పుకునేది మసినగుడి నుంచి ఊటీకి 36 మలుపుల కల్హట్టి ఎక్కుడు. సామాన్లు బండ్లలో ముందే బసకు చేరతాయి.