ఉప్పుగాలి – ఉక్కునకు పట్టు తుప్పు

మన ముదగల్ నుండి సముద్రము రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. వేసవిలో ఇచ్చటి గాలి పొడిగా నుండుటచే, ఆరుబయట విడిచిన పార అంత త్వరగా చెడదు. అదే పారను విశాఖపట్టణపు తీరమున విడిచినచో కొలది దినములలోనే ఎఱ్ఱబారును. ఈ భేదమునకు కారణమును విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు తెలుపదలచితిమి.

ఇనుము తుప్పుపట్టుటకు నీరును, ప్రాణవాయువును రెండును కావలెను. వాననీరే పడనక్కఱలేదు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత ఇంచుమించు నూటికి 60 దాటినచో, కంటికి కనబడని పలుచని నీటిపొర లోహముపై ఏర్పడును. ఉక్కు కూడ ప్రధానముగా ఇనుమే గనుక దానికిని ఇదే గతి.

ఇక ఉప్పు చేయు పని యేమి? కెరటములు విరిగినపుడు ఎగసిన తుంపరలు గాలిలో తేలివచ్చి ఉక్కుపై వ్రాలును. ఉప్పు తేమను పీల్చుననుట వానకాలమున చెమర్చిన ఉప్పుజాడిని చూచిన తల్లులెల్లరు ఎఱిగినదే. సముద్రపుటుప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడ నుండుటచే, ఆర్ద్రత నూటికి 33 దాటిన చాలును, అది చెమర్చును. తుప్పుపట్టుట విద్యుత్తుతో కూడిన రసాయనచర్య. మంచినీటికంటె ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా ప్రసరించును గనుక ఆ చర్య వేగమందును. పైగా క్లోరైడు చాలవఱకు ఖర్చయిపోక, మరల మరల క్రొత్త యినుముపై పనిచేయును.

కుర్సురా జలాంతర్గామి 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి విశాఖ తీరమున ప్రదర్శనశాలగా నున్నది. నీటినుండి వెలువడినను ఉప్పుగాలి దానిని విడువలేదు. 1914లో తెఱచిన పాంబన్ రైలువంతెన శతాబ్దమునకు పైగా అట్టి గాలిలోనే నిలిచెను. 2022లో దానిపై రైళ్లను నిలిపివేసిరి. 2025లో ప్రారంభమైన క్రొత్త వంతెనలో తుప్పును తట్టుకొను ఉక్కుకడ్డీలను, ప్రత్యేకమైన రంగుపూతను వాడిరి.

తుప్పును నివారించు మార్గములు కలవు. జింకు పూత తాను క్షయించుచు లోపలి యినుమును కాపాడును. రంగు వేయుటకు ముందు పాత తుప్పును గీకి, మంచినీటితో ఉప్పును కడిగి, బాగుగ ఆరనీయవలెను. ఉప్పు మిగిలియుండగా రంగు వేసినచో, అది పూతగుండ తేమను లోనికి లాగును. రంగు పొక్కి, తుప్పు లోలోపల సాగును.

మన పిల్లలలో కొందఱు రేపు తీరప్రాంతములకు పనులకై పోవచ్చును. మిద్దెపై పిట్టగోడకడ్డీ గాని, నిచ్చెన గాని పైకి నిగనిగలాడుచు లోన సన్నగిల్లి యుండవచ్చును. రంగు పొక్కినచోట, అతుకులకడ పరీక్షించి గాని బరువు మోపరాదు.