పొలమునకు వెంటతీసికొని పోదగిన చేతి రంపము

నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ ప్రాంతములలో పొలము ఊరికి దూరమున నున్న రైతు ఉదయము బయలుదేరిన సాయంకాలమునకు గాని ఇల్లు చేరడు. పంట చేతికి వచ్చు దినములలో అడవి పందుల కాపలాకై రాత్రులు కూడ మంచె మీదనే గడుపవలసి యుండును. మందల వెంట పోవు గొర్రెల కాపరులు దినముల తరబడి బయటనే మకాము చేయుదురు. వీరందరికి కొమ్మ కోయు పని తరచు తగులును. బండి దారికి అడ్డముగ వంగిన తుమ్మ కొమ్మ, పైరుపై నీడ పడవేయు వేప కొమ్మ, గాలివానకు విరిగి వేలాడు మామిడి కొమ్మ, మంచెకు కావలసిన గుంజలు - ఇట్టివి ఎన్నియో.

చేతిలో గొడ్డలి యున్నది గనుక దానితోనే నరుకుట అలవాటు. కాని గొడ్డలి దెబ్బకు కొమ్మ మొదలు చీలును, బెరడు కిందివరకు ఊడివచ్చును. ఆ గాయము త్వరగా మానదు. తేమ నిలిచి బూజు తెగులు ప్రవేశించును, కాండము లోపల తొర్ర పడును. పశువులకు నీడ నిచ్చు చెట్టు కొన్ని ఏండ్లకు గాలికే కూలవచ్చును. రంపపు కోత నునుపుగా ఉండును, గాయము త్వరగా మూసికొనును. అందుచే తేలికైన రంపమొకటి వెంట నుంచుకొనుట మేలు.

ఏ రకము ఎన్నుకొనవలెను?

మడత రంపము: దీని రేకు చాకువలె పిడిలోనికి మడుచుకొనును. నడుమున దోపుకొనవచ్చును, సంచిలో వేసికొనవచ్చును. చాలవరకు ఇవి లాగునప్పుడు కోయునట్టివి. లాగునప్పుడు రేకు బిగిసి యుండును గనుక పలుచగ నున్నను వంగదు, శ్రమయు తగ్గును. రేకు పొడవు 6 మొదలు 10 అంగుళముల వరకు ఉండును.

విల్లు రంపము: వంచిన గొట్టమునకు సన్నని రేకు బిగించి యుండును. 21 లేక 24 అంగుళముల రేకు గల రంపము లావు కట్టెను వేగముగ కోయును. కాని చిక్కని కొమ్మల నడుమ విల్లు అడ్డము తగులును, మోయుటయు కష్టము. బండిపై తీసికొని పోవువారికి ఇది తగును.

గొలుసు రంపము, తీగ రంపము: ఇవి చుట్టి జేబులో పెట్టుకొనదగినవి. అయితే రెండు చేతులతో లాగవలెను గనుక నిచ్చెనపై నున్నవానికి పనికిరావు. తీగ త్వరగా తెగును.

కొనునప్పుడు చూడవలసినవి

మీరు తరచు కోయు కొమ్మ లావును మొదట కొలువుడు. రేకు పొడవు దానికి రెట్టింపుకు తక్కువ కారాదు. 4 అంగుళముల కొమ్మకు 8 అంగుళముల రేకు కావలెను. పచ్చి కొమ్మలకు అంగుళమునకు 5 నుండి 7 పళ్ళు గల రేకు మంచిది. తడి పొట్టు పళ్ళలో ఇరుకదు. ఎండు కట్టెకు 8 నుండి 10 పళ్ళు తగును. రేకు తెరచినపుడు కదలక నిలుపు మీట గట్టిగా నున్నదో లేదో దుకాణములోనే పరీక్షించుడు. మీట వదులైన రేకు వేళ్ళ మీదికి మడచుకొనును. పళ్ళ అంచులు నల్లగ లేక నీలముగ కనబడిన రేకు చాలకాలము పదునుగ నుండును గాని, ఆకురాయితో సానపట్టుటకు లొంగదు. అట్టిదానికి విడి రేకు దొరకునో లేదో అడిగి కొనుడు.

కోయు విధానము

బరువైన కొమ్మను మూడు కోతలలో తీయవలెను. మొదట కాండమునకు అడుగు దూరమున కిందివైపు నుండి మూడవ వంతు కోయుడు. పిదప రెండంగుళములు బయటగా పైనుండి కోసిన, బెరడు చీలక కొమ్మ రాలును. చివరగా మిగిలిన మోడును, కొమ్మ మొదట నుండు ఉబ్బును తాకకుండ దాని వెలుపల కోయుడు. గాయము మానునది ఆ ఉబ్బు నుండియే. మామిడి కొమ్మలను కాయ కోత ముగిసిన పిదప, జూన్, జూలైలలో తీయుట మేలు. ఎండు తెగులున్న చెట్టును కోసిన పిమ్మట రేకును స్పిరిటుతో తుడువక మరియొక చెట్టును ముట్టరాదు. పండ్లచెట్ల పెద్ద గాయములకు బోర్డో పేస్టు పూయుడు. ఇందుకు మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో వేర్వేరుగ 5 లీటర్ల చొప్పున నీటిలో కలిపి, ఇనుప పాత్ర గాక ప్లాస్టిక్ పాత్రలో రెంటిని చేర్చవలెను.

కరెంటు తీగల దరినున్న కొమ్మను మీరు ముట్టవద్దు. విద్యుత్ శాఖవారికి తెలుపుడు. చెట్టు మొత్తమును కొట్టదలచినచో 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి, మినహాయింపు గల జాతులకు తప్ప, ముందుగ అనుమతి పొందవలెను.

పని ముగియగనే రేకుకంటిన జిగురును డీజిలు గుడ్డతో తుడిచి, ఆరిన పిదప కొంచెము నూనె పూసి మడువుడు. తడిగ మడచిన రేకు తుప్పు పట్టును.

అన్నిటికంటె పెద్ద రంపము మంచి రంపము కాదు. బరువని ఇంట వదలిపోయినచో అవసర సమయమున మరల గొడ్డలియే చేతికి వచ్చును. మీ కొమ్మలకు చాలినది, ప్రతి దినము మీ వెంట వచ్చునది కొనుడు. గట్టుమీది చెట్లు మీ బిడ్డల కాలమునకు కూడ నీడ నిచ్చును.